ఏటి అని అడగని మనిషి

ఖరగ్‌పూర్‌లో మథురాకాటీ నుంచి ఖరిదా దాకా మన తెలుగువాళ్ళలో దేముడనే పేరు గలవాళ్ళు పదిమందికి తక్కువుండరు. అందుకని గుర్తుకోసం ఒకణ్ణి నల్ల దేముడనీ, ఒకణ్ణి పోర్టరు దేముడనీ అనేవారు. రైల్వే కార్ఖానా బాయిలర్ షాపులో పనిచేసే ఈ దేముణ్ణి మాత్రం సినిమా దేముడనేవారు. అతనికి సినిమా గురించి ఒక్క మాట అందించారంటే మీ పని అయిపోయినట్టే. చేతిలో టీ చల్లారి మీగడ కట్టినా, అందులో ఈగ పడి ఈదుతున్నా వదిలిపెట్టడు.

పాత సినిమాలే సినిమాలు అనేవాడు. "అప్పటోలు కుదురుగా నిలబడి మన మొకంలోకి సూసి మాటాడేవోరు. ఇప్పటోలు ఈపు సూపించి మాటాడతన్నారు. ఈపుతో మాటాడేవోడు మడిసేనా?" మీసాల హీరోలు అతనికి బొత్తిగా గిట్టరు. "ఆ పొదకింద నోరున్నాదో లేదో ఎవుడికి తెలుసు?" అని కొట్టిపారేసేవాడు. యుద్ధం సినిమాలకి టిక్కెట్టు కొనడం దండగ, మా షాపుకొస్తే రోజూ ఊరికే చూడొచ్చు అనేవాడు. పాట మొదలైతే బీడీ కాల్చుకోడానికి బయటికి పోయేవాడు. ఇక మాటల్లేని పాత విదేశీ సినిమాలంటే చేతులెత్తి మొక్కేవాడు. "అక్కడే ఆపీసుండాల్సినాది. సినిమాకి మాట పెట్టినోడు సినిమాని సంపీసినాడు."

ఆ విదేశీ సినిమాలు ఎక్కడ చూశాడంటే, ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఫిల్మ్ సొసైటీవాళ్ళు వేసేవారు. బెంగాలీ ఆఫీసు బాబులు కలకత్తా నుంచి రీళ్ళు తెప్పించేవారు. మన బడిపంతులు జ్ఞానప్రకాశం ప్రొజెక్టరు తిప్పేవాడు. చూసేవాళ్ళు ముప్పైమంది. అందులో కార్ఖానా మనిషి దేముడొక్కడే. జపాను సినిమా అయినా, రష్యా సినిమా అయినా మొదటి వరసలో కూర్చుని తెరమీది మొహాలని తినేసేలా చూసేవాడు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు అతనికి రావు. ఆట అయ్యాక టీకొట్టు దగ్గర కథ మాత్రం తనే చెప్పేవాడు.

"అది కాదు దేముడూ," అని జ్ఞానప్రకాశం నవ్వేవాడు. "ఆవిడ అతని భార్య కాదయ్యా, చెల్లెలు."

"నా కతలో పెళ్ళావే పంతులుగోరూ. నా కతే బాగున్నాది."

"మరి ఆఖర్న ఏడుస్తూ ఏమందనుకున్నావు?"

"ఏదన్నా ఒకటే. తప్పుగా తెలిస్తే మాత్రం నట్టమా, సినిమాయే గదా?"

ఒకసారి, ఆ దేశాలవాళ్ళ పెదాలు పల్చగా ఉంటాయి గనక మాట బాగా కనపడుతుందన్నాడు. మాట కనపడ్డమేమిటని ఎవరూ ఆగి ఆలోచించలేదు. "దేముడుదా కవి!" అని సొసైటీ సెక్రటరీ, బెంగాలీ దాదా, పొంగిపోయి తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. చదువుకున్నవాళ్ళకి అనుమానం రావడం కష్టం, మెచ్చుకోవడం తేలిక.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడట. దేముడి సినిమా కబుర్లన్నీ అచ్చం ఆ బాపతే. ఎందుకంటే దేముడు నిజంగానే చెవిటివాడు.

బాయిలర్‌కి రివిటు కొట్టేటప్పుడు బయట ఒకడు సుత్తితో బాదుతుంటే లోపల ఒకడు కూర్చుని ఆ రివిటు తలకి దన్ను పట్టాలి. ఆ లోపలి మనిషి దేముడు. పంతొమ్మిదో ఏట ఆ ఇనప కడుపులో దూరాడు. ముప్పై ఐదు వచ్చేసరికి ముందు పిచికలు పోయాయి, తర్వాత రేకుల మీద వాన పోయింది, ఆ తర్వాత పాటలు పోయాయి. ఒకరోజు గోల్‌బజార్లో రేడియో కొట్టు ముందు జనం తల ఊపుతూ నిలబడి ఉంటే తనూ నిలబడ్డాడు. ఎక్కడో దూరంగా ఎసరు కాగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ రోజునుంచే అతనికి పాటలు గిట్టకుండా పోయాయి.

ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. అతనికి ముందు అలాగే చెవులు పోయిన ఒకతన్ని మెడికల్ పరీక్షలో తప్పించి తోటపనికి వేశారు. నిన్నటిదాకా బాయిలర్లో కూర్చున్న మొనగాడు ఆఫీసు ముందు బంతిమొక్కలకి నీళ్ళు పోసుకుంటుంటే, వచ్చేపోయేవాళ్ళు "ఒరే సెవిటోడా" అని గులకరాయి విసిరి పిలిచేవారు. అది చూసి దేముడు ఒట్టు పెట్టుకున్నాడు. చచ్చినా ఆ పేరు పడకూడదు.

చెవులు పోయినవాణ్ణి పట్టించేది ఒకే ఒక్క మాట. ఎదటివాడు ఏదో అంటాడు, వీడు "ఏటి?" అంటాడు. రెండోసారి "ఏటి?", మూడోసారి "ఏటీ?" అన్నాడంటే ఊరికి తెలిసిపోయినట్టే. అందుకని దేముడు ఆ మాటనే మానేశాడు. శ్రీకాకుళంవైపు మనిషి ఏటి అనకుండా పూట గడపడమంటే ఉప్పులేని కూడు తిన్నట్టే, కాని అతను ఏళ్ళ తరబడి గడిపాడు. పెదాలు చూసి పట్టుకునేవాడు. పట్టుకోలేనివాటికి "ఊ" అని తలూపేవాడు. "ఊ" కుదరకపోతే "మరే" అనేవాడు. అదీ కుదరకపోతే సినిమా ఎత్తుకునేవాడు. నోరు మనదైనంతసేపూ ఎదటివాడి మాట వినాల్సిన పనిలేదు గదా.

భార్య నూకాలమ్మకి మాత్రం తెలుసు. తెలుసని ఆవిడ అనలేదు, తెలుసా అని అతనూ అడగలేదు. ఆవిడ ఎప్పుడూ అతన్ని వెనకనుంచి పిలిచేది కాదు. ఎదురుగా వచ్చి నిలబడి, కొంగు నోటికి అడ్డం లేకుండా చూసుకుని, అప్పుడు మాట్లాడేది.

పెదాలతో చిక్కేమిటంటే వాటికి ప, బ, మ మూడూ ఒకటే. ఒకసారి టీకొట్టు బెంగాలీ అతను "మామా ఎశెఛే" అన్నాడు, పల్లెనుంచి మేనమామ వచ్చాడని. దేముడికి అది "బాబా" లాగా, అంటే తండ్రి అన్నట్టు, కనపడింది. ఆ కొట్టతని తండ్రి పోయి ఏడాదైంది. చచ్చిన తండ్రి రావడమేమిటని గుండె ఝల్లుమన్నా ఏటని అడగలేదు. "భాలో, భాలో" అని, మంచిదే అన్నట్టు తలూపి టీ తాగాడు. కొట్టతను కూడా సంతోషించాడు. సాయంత్రానికి అసలు సంగతి తెలిసి దేముడు లోపల్లోపల నవ్వుకున్నాడు. తలూపితే గడిచిపోతుందని అతనికి ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే కొంప ముంచింది.

ఇక్కడ అతని తల్లి సంగతి చెప్పాలి. దాలమ్మది పలాస పక్క పల్లె. దేముడి చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల టూరింగ్ టాకీసు డేరా వేస్తే, దాలమ్మ డేరా బయట తేగల బుట్ట పెట్టుకుని కూర్చునేది. పిల్లలిద్దర్నీ, దేముణ్ణీ వాడి అప్ప పోలమ్మనీ, లోపలికి పంపేది. ఆ వైపు అక్కని అప్ప అంటారు. ఆట వదిలాక బుట్ట నెత్తికెత్తుకుంటూ, "సినిమా బాగున్నాదేటి నాయినా?" అనేది. ఇక పొలంగట్టు పొడుగునా దేముడు కథ చెప్పుకుంటూ నడవాలి. ముందు నడిచే తల్లి వెనక్కి తిరగకుండా "ఊ... ఊ..." అని ఊ కొట్టేది. ఆవిడ జన్మలో డేరా లోపలికి వెళ్ళింది లేదు. చూసిన సినిమాలన్నీ కొడుకు నోటివెంటే చూసింది. దేముడు కథలు చెప్పడం నేర్చింది అక్కడ. ఖరగ్‌పూర్ వచ్చాక కూడా సెలవుకి ఇంటికెళితే ఆ అడగడం, ఆ చెప్పడం, ఆ ఊ కొట్టడం మామూలే.

ఎనభై నాలుగులో ఒక పెళ్ళిలో అంతా చెడింది. దేముడు పంక్తిలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ కార్ఖానా మనుషులే, అటు పక్క చుట్టాలే. అన్నం వడ్డిస్తున్న పోలమ్మ వెనకనుంచి నాలుగుసార్లు పిలిచింది. పలకలేదు. ముందుకొచ్చి, గరిటె చేత్తో పట్టుకుని, అందరూ వినేలా అనేసింది. "సెవిటోడివైపోనావేట్రా? శంకం ఊదాలేటి నీకు?"

పంక్తంతా గొల్లుమంది. పోలమ్మది వేళాకోళమే. నోరు పెద్దదేగాని మనసులో ఏమీ లేని మనిషి. కాని దేముడు ఆ మాటని ఆవిడ పెదాలమీద అక్షరం అక్షరం చదివాడు. విస్తరి ముందునుంచి లేచిపోయాడు. ఇంక ఈ జన్మలో ఆ మొహం చూడనని ఒట్టేశాడు. విస్తరి ముందు లేచిపోవడమంటే మనలో తెగతెంపులే. తల్లి పోలమ్మ ఇంట్లోనే ఉండేది గనక, ఆ ఒట్టుతో తల్లి దగ్గరికి పోవడం కూడా ఆగింది. అతనికి కోపం అప్పమీద కాదు, ఆవిడ చెప్పిన నిజం మీద. ఆ సంగతి ఒప్పుకోడానికి అతనికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

నాలుగేళ్ళు గడిచాయి. ఎనభై ఎనిమిది జనవరిలో ఒక ఆదివారం. సొసైటీవాళ్ళు ఏదో మంచుదేశపు పాత సినిమా వేశారు. అందులో ఒక ముసలావిడ కిటికీ దగ్గర కూర్చుని బంగాళదుంపల తోలు తీస్తూ ఉంటుంది. పెద్దగా కథ లేదు. ఆవిడ మొహం తెరంతా నిండిపోయి, మీసమూ అడ్డమూ లేని ఆ ముడతల నోరు నెమ్మదిగా మాట్లాడుతూ ఉంటే, దేముడు ఒళ్ళు మరిచిపోయాడు. ముక్క అర్థం కాకపోయినా అంతా అర్థమైనట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే దక్షిణాదినుంచి హౌరా వెళ్ళే బండి ఖరగ్‌పూర్ స్టేషన్లో ఆగి ఉంది. ఆ బండిలో దాలమ్మ ఉంది. గొంతులో పుండు లేచి, మింగుడు పడక, కలకత్తా పెద్దాసుపత్రిలో చూపించమంటే పోలమ్మ తీసుకెళుతోంది. రాయించిన కార్డు ఇంకా దేముడి ఇంటికి చేరలేదు. పార్సిలాఫీసులో పనిచేసే జగ్గారావు వాళ్ళ ఊరివాడే, దేముడి ఈడువాడు. కిటికీలో దాలమ్మని చూసి గుర్తుపట్టి, సిగ్నలు దగ్గర ఏదో పనివల్ల బండి అరగంట ఆగుతుందని తెలుసుకుని, సైకిలెక్కి దేముడి క్వార్టరుకి పరిగెత్తాడు. నూకాలమ్మ ఉన్నచీరతో స్టేషనుకి పరిగెత్తింది. జగ్గారావు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు.

చీకట్లో వెతుక్కుంటూ వచ్చి దేముడి ముందు వంగాడు. తెరమీది వెలుగు అతని మొహంమీద ఆడుతోంది.

"ఒరే, మీయమ్మొచ్చినాది. బండిలో ఉన్నాది. నిన్ను సూడాలంతంది, బేగి రా."

దేముడి కళ్ళకి "మీయప్పొచ్చినాది" అని పడింది. అమ్మకీ అప్పకీ పెదాలమీద తేడా లేదు. నాలుగేళ్ళుగా గుండెలో ముల్లులా ఉన్నది అప్పే గనక, కళ్ళు అప్పనే చదివాయి. అప్ప రాజీకొచ్చిందనుకున్నాడు. ఒక్కసారి "ఏటి?" అంటే చాలు. ఎవరు, ఏమిటి అని ఒక్క ముక్క అడిగితే చాలు. అడగలేదు.

"నాను రాను. ఆ మొకం సూడనని ఒట్టేసినాను. ఎల్లిపొమ్మని సెప్పు."

జగ్గారావు అదిరిపోయాడు. భుజం పట్టుకుని కుదిపాడు. "ఒరే ఎదవా, మల్లీ సూడ్డానికి ఉంటాదో ఉండదో! జబ్బు మడిసిరా!"

ఈసారి అతని తల నీడలోకి పోయింది. దేముడికి నల్లగా ఆడే గడ్డం తప్ప ఏమీ కనపడలేదు. "ఊ" అన్నాడు. చెయ్యి విదిలించుకుని తెరవైపు తిరిగాడు.

ఎవరో పరాయిదేశపు ముసలమ్మ నోరు చూస్తూ రెండు గంటలు కూర్చున్నవాడు, సొంత తల్లి అరమైలు దూరంలో ఎదురుచూస్తుంటే లేచి వెళ్ళలేకపోయాడు. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరిమీద మండాలో మాత్రం ఇప్పటికీ తెలియదు.

జగ్గారావు స్టేషనుకి తిరిగొచ్చి, రొప్పుతూ, కిటికీ దగ్గరే అనేశాడు. "రానన్నాడు. ఆ మొకం సూడనన్నాడు." దాలమ్మ విన్నది. బండి కదిలింది.

దేముడు ఆట చూసి, టీకొట్టు దగ్గర నాలుగు మాటలు వదిలి, ముసలమ్మ కథ నూకాలమ్మకి ఎలా చెప్పాలా అని వరస పేర్చుకుంటూ ఇంటికొచ్చాడు. నూకాలమ్మ గడపలో కూర్చుని ఉంది. లేవలేదు. పొయ్యి వెలిగించలేదు. తల ఎత్తి అతని మొహంలోకి చూసి అంది.

"కన్నతల్లిని ఒక్కపాలి సూడ్డానికి కాల్లు రాలేదేటి నీకు?"

కన్నతల్లి అనే మాటకి రెండో అర్థం లేదు. దేముడు గోడ పట్టుకున్నాడు.

"అమ్మా? జగ్గారావు అప్ప అన్నాడే!"

నూకాలమ్మ పెదాలు చప్పుడు లేకుండా ఒకసారి అమ్మ అని, ఒకసారి అప్ప అని కదిలాయి. అంతా అర్థమైంది. లేచి చెప్పులు తొడుక్కుంది. "జగ్గారావుకి సెప్పేసొస్తాను. నీకు ఇనపళ్ళేదని సెప్పేస్తాను."

"సెప్పినావంటే నా మీద ఒట్టే. సెవిటోడని కోటర్ల లైనంతా తెలిసిపోతాది. కార్కానాకి తెలిసిపోతాది."

"తల్లిని ఎల్లగొట్టినోడని తెలిసినా పరవాలేదా?"

దేముడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అతని జవాబు అదే. చెవిటివాడనిపించుకోవడం కన్నా చెడ్డకొడుకు అనిపించుకోవడమే నయమని అతను ఆ గుమ్మంలో నిలబడి నిర్ణయించుకున్నాడు. లోకంలో మనుషులు ఎన్ని రకాల మూర్ఖత్వాలు చేస్తారో గాని, ఇంత ఖరీదైనది నేను చూడలేదు.

నూకాలమ్మ చెప్పులు విడిచి గుమ్మం పక్కన పెట్టింది. "పోనీ మీయమ్మకైనా సెప్పు. రేపు పొద్దున్నే ఎల్లు" అంది.

తెల్లారి మొదటి లోకల్లో కలకత్తా వెళ్ళాడు. ఆసుపత్రి పెద్దవార్డులో దాలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తలదగ్గర పోలమ్మ. దేముడు మంచం పక్కన నిలబడ్డాడు. పోలమ్మ వంగి తల్లి చెవిలో ఏదో చెప్పింది. ముసలామె వీపు కదిలింది. గోడవైపే మొహం ఉంచి ఏదో అంది. దేముడికి కనపడింది నెరిసిన ముడీ, మెడమీద తాయెత్తు దారమూ మాత్రమే. పెళ్ళిలో గరిటె పట్టుకున్న ఆ మొహం ఎదురుగా తననే చూస్తోంది. ఆ మొహం ముందు ఏటి అని ఎలా అడుగుతాడు? "ఊ" అన్నాడు. తల్లి కాసేపాగి మళ్ళీ ఏదో అంది. మళ్ళీ "ఊ" అన్నాడు. తర్వాత ఆవిడ మాట్లాడలేదు. దేముడు చెప్పుకుందామని వచ్చింది నోట్లోనే ఉండిపోయింది.

తొమ్మిదో రోజున దాలమ్మ పోయింది. అక్కడే దహనం చేశారు. కొరివి దేముడే పెట్టాడు. పోలమ్మ అతనితో ఒక్క మాట మాట్లాడకుండా పలాస బండెక్కింది.

ఆ తర్వాత సినిమా దేముడనే పేరు మన జనం నోట ఇంకో రకంగా తిరిగింది. తల్లి చావుబతుకుల్లో ఉంటే సినిమా వదిలి రానివాడు. నీళ్ళపంపు దగ్గర ఆడవాళ్ళు నూకాలమ్మ వినేలాగే అనుకునేవారు. ఆవిడ బిందె ఎత్తుకుని వచ్చేసేది. ఒట్టు తప్పలేదు. జగ్గారావు దేముణ్ణి చూస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు.

దేముడు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళడం మానేశాడు. ఒకసారి జ్ఞానప్రకాశం ఇంటికొచ్చి, పాత మూగ సినిమా తెప్పిస్తున్నామయ్యా, నీకోసమే, రమ్మన్నాడు. "ఊ" అన్నాడు గాని వెళ్ళలేదు. కొన్నాళ్ళకి ఇందా, ఖరిదా పేటల్లో వీధివీధికీ వీడియోలొచ్చాయి. సొసైటీయే ఎత్తేశారు. దేముడికి అక్కర్లేకపోయింది. అతనికి ఒకటే సినిమా మిగిలింది. గోడవైపు తిరిగిన ఒక వీపు. దానికి కథ అతనే పెట్టుకోవాలి. తప్పుగా తెలిస్తే నట్టమా అని ఒకప్పుడు నవ్వినవాడు ఆ కథని అయిదేళ్ళు రోజుకో రకంగా పెట్టుకున్నాడు. ఒకరోజు తల్లి శపించినట్టు, ఒకరోజు ఎందుకొచ్చావు పొమ్మన్నట్టు. తల్లి పొమ్మంటే తను ఊ అన్నట్టు. నా కొడుకువి కావురా అంటే దానికీ ఊ అన్నట్టు. ఏ రోజు కథా బాగుండేది కాదు.

స్టీము ఇంజన్ల పని తగ్గుతూ తగ్గుతూ తొంభై మూడులో బాయిలర్ షాపు మనుషుల్ని వేరే షాపులకి పంచారు. పంచేముందు అందరికీ మెడికల్. డాక్టరు వెనక నిలబడి నెమ్మదిగా అంకెలు చెపుతాడు, మనం తిరిగి చెప్పాలి. ఇదివరకు ఎదురుగా అద్దాల బీరువా ఉండేది. అందులో డాక్టరు నీడ చూసి దేముడు రెండుసార్లు గట్టెక్కాడు. ఈసారి అక్కడ ఇనప బీరువా ఉంది. దేముడు దానివంక చూస్తూ నిలబడ్డాడు. వెనక డాక్టరు ఎన్ని అంకెలు చెప్పాడో, ఎంతసేపు చెప్పాడో తెలియదు, భుజంమీద చెయ్యి పడ్డాకే పరీక్ష అయిపోయిందని తెలిసింది.

తోటపనికి వేశారు. అవే బంతిమొక్కలు. చిత్రమేమిటంటే, ఏ పేరుకోసం అంత భయపడ్డాడో ఆ పేరు ఎవరూ పెట్టలేదు. పెద్దవాళ్ళు రిటైరై పోయారు, కొత్తవాళ్ళకి అతనెవరో తెలియదు. గులకరాయి విసిరే ఓపిక కూడా ఎవరికీ లేదు. ఇంతోటి దానికా అని మొక్కలకి నీళ్ళు పోస్తూ దేముడు ఏడ్చాడు.

అక్కడికి ఒకరోజు జగ్గారావు వచ్చాడు. చెవుల సంగతి విని, లెక్క కట్టుకుని వచ్చినట్టున్నాడు. ఎదురుగా నిలబడి, "ఆ దినం నాను సెప్పింది నీకు ఇనపళ్ళేదేట్రా?" అన్నాడు. దేముడు లేదని తల అడ్డంగా ఊపాడు. జగ్గారావు తలమీది తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకుని, "నానే ఆ కిటికీకాడ నోరు మూసుకోవలసింది" అని వెళ్ళిపోయాడు.

ఆ వారమే దేముడు నూకాలమ్మని తీసుకుని పలాస బయల్దేరాడు. తల్లి ఏమందో తెలుసుకోవాలి. శాపమైనా సరే, తెలిసిన శాపం నయం.

పోలమ్మ అరుగుమీద కూర్చుని జీడిగింజలు కొడుతోంది. వేళ్ళు జీడిసొనకి నల్లబడి ఉన్నాయి. తమ్ముణ్ణి చూసి చెయ్యి ఆపలేదు, లెమ్మనలేదు, కూర్చోమనలేదు. దేముడు ఎదురుగా కింద కూర్చున్నాడు.

"అప్పా, నాకు సెవులు లేవు. నువ్వు పెల్లిలో అన్నది నిజివే."

పోలమ్మ చెయ్యి ఆగింది. అతను మొత్తం చెప్పాడు. చీకటి హాలు, జగ్గారావు మొహం, అమ్మకి బదులు అప్ప. చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంతుందో తెలియదు గనక వీధంతా వినపడేలా చెప్పాడు. పోలమ్మ కూడా, అచ్చం నూకాలమ్మ లాగే, చప్పుడు లేకుండా పెదాలు కదిపి చూసుకుంది. అమ్మ. అప్ప.

"అయితే ఆ దినం రానన్నది నాకోసమా?" అంది. "ఆ మొకం నా మొకమా?"

దేముడు అవునని తల ఊపాడు. పదిహేనేళ్ళుగా నోట్లోకి రానివ్వని మాటని బయటికి తీశాడు.

"ఏటి? ఆస్పత్రిలో గోడేపు తిరిగి అమ్మ ఏటన్నాది?"

పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకుని ఏదో అంటోంది, భుజాలు అదురుతున్నాయి. దేముడికి మళ్ళీ ఏమీ కనపడలేదు. "ఏటి? ఏటి అప్పా?" అని పిచ్చివాడిలా అడుగుతూనే ఉన్నాడు. నూకాలమ్మ వెళ్ళి ఆవిడ చేతిని నెమ్మదిగా కిందికి దించింది. పోలమ్మ కళ్ళు తుడుచుకుని, తమ్ముడికి బాగా కనపడేలా, ఒక్కొక్క మాటే చెప్పింది.

"కోపం లేదురా. ఆ పక్కకి తప్ప తొంగోలేకపోయేది. 'సినిమా బాగున్నాదేటి నాయినా?' అన్నాది. నువ్వు ఊ అన్నావు. 'ఏటి కత?' అన్నాది. దానికీ ఊ అన్నావు. సెప్తావు సెప్తావని సానాసేపు సూసినాది. కత సెప్పాల్సినోడివి, నువ్వే ఊ కొట్టినావు."